ముప్పై రెండా, నలభై మూడా

16 ఆగస్టు 2025, శనివారం

సీరియల్ మధ్యలో బొమ్మంతా ముడుచుకుపోయి, తెర నడుమ అడ్డంగా ఒక తెల్ల గీత మిగిలింది. మాటలు మాత్రం వస్తూనే ఉన్నాయి. మా అత్త ఆ గీతనే చూస్తూ సీరియల్ చివరిదాకా వింది. మెకానిక్ వచ్చి వెనక డొప్ప విప్పాడు. "వర్టికల్ ఐసీ పోయిందక్కా. పిక్చర్ ట్యూబు వీకయింది గానీ ఇంకొన్నాళ్లు లాగుతుంది. అది పోతే మాత్రం నన్ను పిలవొద్దు, కొత్త ట్యూబులు ఎక్కడా దొరకట్లేదు" అన్నాడు.

రాత్రి పెద్దాడు హైదరాబాదు నుంచి ఫోన్ చేశాడు. నిన్న ఎర్రకోట మీద ప్రధాని దీపావళికల్లా జీఎస్టీ తగ్గిస్తామన్నారట, కొత్త టీవీకి అప్పటిదాకా ఆగమంటాడు. ఆగడానికేం, ఇరవై ఏళ్లుగా ఆగుతూనే ఉన్నాం.

24 ఆగస్టు, ఆదివారం

ఈ టీవీ ఇన్నాళ్లు బతకడానికి దాని గట్టితనం ఒక్కటే కారణం కాదు. కేబుల్ డిజిటల్ అయినప్పుడే, అంటే 2017లో పల్లెల్లో కూడా పాత ప్రసారం ఆపేయమన్నప్పుడే, ఇది మూలన పడాల్సింది. సెట్‌టాప్ బాక్సు వచ్చి కాపాడింది. కొత్త సంగతులన్నీ బాక్సు చూసుకుంటే, ఎరుపు, పసుపు, తెలుపు వైర్ల గుండా వచ్చింది చూపించడమే దీని పని.

చిక్కల్లా తెర ఆకారంతో. ఇప్పుడు వచ్చే బొమ్మ పదహారుకి తొమ్మిది, మా తెర నాలుగుకి మూడు. పూర్తి బొమ్మ కావాలంటే పైనా కిందా నల్ల పట్టీలు, తెర నిండాలంటే రెండు పక్కలా కోత. మా ఆయన కోత పెట్టుకున్నాడు. దాంతో క్రికెట్ స్కోరులో మొదటి అంకె ఎగిరిపోతుంది. నలభై ఆరా, నూట నలభై ఆరా అని పక్కింటికి కేకేసి అడుగుతాడు.

4 సెప్టెంబరు, గురువారం

రాత్రి జీఎస్టీ కౌన్సిల్ తేల్చేసింది. 22వ తేదీ నుంచి టీవీల మీద పన్ను 28 శాతం నుంచి 18కి దిగుతుందట. మా ఆయన పేపరు పట్టుకుని ఇంట్లోకి పరుగున వచ్చాడు. నేను కింద దాకా చదివాను. తగ్గేది 32 అంగుళాలు దాటినవాటికే. 32కి 2019 జనవరిలోనే 18 అయిపోయింది.

బ్లౌజు బిల్లులు రాసే పుస్తకంలో లెక్క వేశాను. 43 అంగుళాలది 25,600 ఉందనుకుంటే, అసలు ధర 20,000, పన్ను 5,600. ఇక మీదట పన్ను 3,600, మొత్తం 23,600. పది శాతం తగ్గిందని అందరూ అంటున్నారు గానీ మన చేతికి దక్కేది ఎనిమిది శాతం కన్నా తక్కువే.

"రెండు వేలు ఊరికే వస్తుంటే వదులుకుంటామా?" అంటాడాయన. ఆ రెండు వేలు రావాలంటే ముప్పై రెండు మానేసి నలభై మూడు కొనాలి, పైన ఇంకో పది వేలు పెట్టాలి. మొన్నటిదాకా ఈ ఇంట్లో నలభై మూడు మాటే లేదు. పన్ను తగ్గింది, మనిషికి ఆశ పదకొండు అంగుళాలు పెరిగింది.

పోనీ డబ్బు మూలుగుతుందా అంటే, ఫిబ్రవరిలో కేంద్రం మిర్చికి క్వింటా 11,781 రూపాయలని ధర కట్టింది. మా కాయకి అదీ రాలేదు.

14 సెప్టెంబరు, ఆదివారం

అత్తకి శుక్లం ఆపరేషన్ అయి వారం. నల్ల కళ్లద్దాలు తీసి కాసేపు టీవీ చూస్తానంది. చూసి, "అమ్మాయ్, దీనికేదో పట్టిందే, అంతా పసుపు నీళ్లలో ముంచినట్టుంది" అంది. నిజానికి టీవీకి కొత్తగా ఏమీ పట్టలేదు. శుక్లం ఉన్నన్నాళ్లూ లోకమంతా ఆమెకి అలాగే కనపడింది. అది తీసేశాక నీలం నీలంగా కనపడుతోంది. గోడకున్న క్యాలెండరు ఎంత బాగుందో అని రెండుసార్లు మెచ్చుకుంది. ట్యూబు నీరసం ఇన్నాళ్లూ ఆమె కంట్లో కలిసిపోయింది.

కొత్తది కొనడానికి ఇదే ముహూర్తం అని నాకనిపించింది. కరెంటు ఆదా అవుతుందని పెద్దాడు చెప్పే లెక్క నాకు ఆనదు. పాతది తొంభై వాట్లు, కొత్త 32 నలభై, యాభై. రోజుకి ఐదు గంటలు చూసినా నెలకి ఆరేడు యూనిట్లు మిగులుతాయి, యాభై రూపాయలు. ఆ ఆదాతో టీవీ ఖరీదు రాబట్టాలంటే ఇరవై ఏళ్లు పడుతుంది.

23 సెప్టెంబరు, మంగళవారం

సత్తెనపల్లి వెళ్లాం. షాపు ముందు జీఎస్టీ తగ్గింపు అని పెద్ద బ్యానరు. 32 ధర అడిగితే "దానికి పాత రేటేనమ్మా" అని కుర్రాడు నలభై మూడు దగ్గరికి నడిపించాడు. కొండలూ, చిలకలూ, నీళ్లూ, కళ్లు జిగేల్‌మనేలా తిప్పుతున్నాడు. "ఇది కాదు, మామూలు కేబుల్ పెట్టు" అన్నాను. పెట్టాడు. యాంకరమ్మ మొహం అలికినట్టయింది. మా కేబుల్‌లో ఎక్కువ చానళ్లు హెచ్‌డీ కావు. వాటి బొమ్మలో ఉన్నవి 576 గీతలే, తెర పెద్దదయ్యేకొద్దీ ఆ గీతలే సాగుతాయి. అదే చానల్ 32లో తేటగా ఉంది. మా మంచానికీ గోడకీ మధ్య ఏడడుగులు లేవు.

మా ఆయన ఏమీ అనలేదు. బస్సులో బెల్లంకొండ దాకా టీవీ డబ్బా ఒళ్లోనే పెట్టుకున్నాడు.

28 సెప్టెంబరు, ఆదివారం

ఆసియా కప్ ఫైనల్. పాకిస్తాన్ 146కి ఆలౌట్. మనవాళ్లు మూడు వికెట్లు పోగొట్టుకుని 20 దగ్గర ఉంటే మా ఆయన లేచి దొడ్లోకి వెళ్లిపోయాడు. తిలక్ వర్మ 69 కొట్టి చివరిదాకా నిలబడ్డాడు. హైదరాబాదు పిల్లాడు, మన పిల్లాడే అని అత్త తీర్మానం. స్కోరులో అంకెలన్నీ కనపడ్డాయి.

5 అక్టోబరు, ఆదివారం

షాపులో పెట్టిన వెలుగే ఉండటంతో వారమంతా మనుషుల మొహాలు కుంకుమ పూసినట్టున్నాయి. పెద్దాడు ఫోన్‌లో చెప్తుంటే 'వివిడ్' తీసి 'సినిమా'కి మార్చాను. అత్తకి నచ్చలేదు, చప్పగా ఉందంది. మళ్లీ మార్చాను.

పాత సామాన్లవాడు వచ్చాడు. లోపలి రాగి తీగ కోసం టీవీ ఇక్కడే పగలగొడతానన్నాడు. ట్యూబు గాజులో సీసం ఉంటుంది, మా వాకిట్లో వద్దన్నాను. రెండేళ్లుగా అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ఇలాంటివి రిజిస్టరైన రీసైక్లర్‌కి చేరాలి. వాడి తోపుడు బండికి ఆ సంగతి తెలియదు. మెకానిక్‌కి ఫోన్ చేస్తే, ఇలాంటి సెట్లు వాడేవాళ్లు ఇంకా ఉన్నారక్కా, బోర్డు పనికొస్తుంది, శనివారం వచ్చి తీసుకెళ్తానన్నాడు. ట్యూబు ఏం చేస్తావని అడగాలి.