ఒంటిమిట్ట రాతి మండపం

కడప నుండి తిరుపతికి వెళ్ళే రహదారిలో సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఒంటిమిట్ట ఉన్నది. కువైట్‌లోని తెలుగువారిలో చాలామంది కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాలవారే. అందువలన ఈ ఊరి పేరు మన తరగతిలో అనేకులు వినే ఉంటారు. పేరు వినడం వేరు, కన్నులారా చూడడం వేరు. గత వేసవి సెలవులలో నేను నాన్నగారితోను, అవ్వతోను కలిసి అక్కడి కోదండరామస్వామి ఆలయాన్ని దర్శించాను.

తూర్పు గోపురాన్ని పూర్తిగా చూడాలంటే తల వెనుకకు వాల్చవలసినదే. గర్భాలయంలో సీతారామలక్ష్మణులు ఒకే శిలలో మలచబడి ఉన్నారు. అందుకే ఈ క్షేత్రాన్ని ఏకశిలానగరమని కూడా పిలుస్తారు. వారి చెంత హనుమంతుడు లేడు. రాములవారు హనుమంతుని కలుసుకొనక మునుపటి రూపమిదని అవ్వ చెప్పింది. ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియర్ 1652లో ఇక్కడికి వచ్చి ఆలయ శిల్పాన్ని మెచ్చుకొన్నాడని చెబుతారు.

దర్శనం ముగిసిన తరువాత అవ్వ రంగమండపంలో ఒక స్తంభానికి ఆనుకొని కూర్చున్నది. నాన్నగారు మాత్రం కూర్చోలేదు. ఆయన చిన్న వయసులోనే బేల్దారి పని నేర్చి కువైట్‌కు వచ్చారు. ఇప్పుడు కట్టడాల వద్ద సూపర్‌వైజరుగా ఉన్నారు. ఇక్కడ వేసవిలో పగలు 11 గంటల నుండి 4 గంటల వరకు ఎండలో పని చేయించరాదని నిబంధన ఉన్నది కదా! అందుచేత ఆ నెలలలో నేను నిద్ర లేవకముందే వెళ్ళిపోతారు. ఇంటిలో తన పనిని గురించి మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు.

ఆ మండపంలో ఆయన మాట్లాడారు. ఇన్ని స్తంభాలు ఎందుకని నేను అడిగాను. అక్కడ 32 ఉన్నాయి.

"రాయి నెత్తిన ఎంత బరువైనా మోస్తుంది పాపా. అడ్డంగా పరిచి నడుమ బరువు పెడితే మాత్రం విరుగుతుంది. అందుకే స్తంభాలు దగ్గర దగ్గరగా నిలిపినారు. మేము కాంక్రీటులో ఇనుప కడ్డీలు వేస్తాము కాబట్టి దూరం దూరంగా నిలుపుతాము."

స్తంభాల తలపై ఇరువైపులా చేతులు చాచినట్లు ముందుకు వచ్చిన రాళ్ళను చూపారు. అవి దూలానికి ఆసరాగా నిలిచి, నడుమ ఖాళీని తగ్గిస్తాయట. గోపురం క్రింది భాగం రాతితో, పైభాగం బరువు తగ్గేలా ఇటుకతోను సున్నంతోను కట్టారని చెప్పారు. రెండు రాళ్ళ అతుకు మీద గోరు పెట్టి చూడమన్నారు. నా గోరు దూరలేదు. నాన్నగారి ముఖంలో అంతటి సంతోషాన్ని నేను మునుపు చూడలేదు.

"వీటిని చెక్కిన మేస్త్రీ పేరేమి?" అన్నాను.

"నాకేం తెలుసు పాపా?"

"మీరు కట్టిన వాటి మీద మీ పేరు ఉందా?"

ఆయన నవ్వారు. "బేల్దారి పేరు ఎవరు రాస్తారు?"

ఇంతలో అవ్వ కేకవేసింది. "ఒరేయ్, రాళ్ళను చూసింది చాలు, బస్సు పోతాది రా!"

కువైట్‌కు తిరిగి వచ్చిన తరువాత శుక్రవారాలలో కారులో వెళుతున్నప్పుడు, ఆయన పని చేసిన భవనాలు ఏవేవని అడుగుతున్నాను. మొదట సిగ్గుపడ్డారు. ఇప్పుడు తామే కారు నెమ్మది చేసి, ఎన్ని అంతస్తులో, ఏ సంవత్సరంలో కట్టారో చెబుతున్నారు. వాటిని ఒక నోటు పుస్తకంలో రాస్తున్నాను. ఇప్పటికి ఏడు అయినాయి.