కిరాయి ఇంట్లో పురుడు

సూర్యాపేటలో బస్సెక్కితే కోదాడకైనా, మిర్యాలగూడకైనా గంటన్నర లోపే. మా అక్క కోదాడలో, చిన్నమ్మ మిర్యాలగూడలో ఉంటారు. ఎవరింటికెళ్లినా కిరాయిల ముచ్చటే!

మా సూర్యాపేట 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైంది. ఆఫీసులొచ్చాయి, ఉద్యోగులొచ్చారు, కిరాయిలు పెరిగాయి. మేం రెండు గదులు వేసుకునేదాకా నేనూ టూలెట్ బోర్డుల వెంట తిరిగినదాన్నే. ఇంటామె ప్రశ్నలన్నీ మనకే, మగవాళ్లకు కాదు. పిల్లలెందరు? చుట్టాలెక్కువా? నీచు వండుతారా? కులం మాత్రం చివర్న, మెల్లగా అడుగుతారు. పిల్లలు గోడ మీద గీసినా మాట పడేది తల్లే. ఖాళీ చేయమంటే పిల్లల బడి కూడా మారాలి.

అక్క కూతురిని తొలికాన్పుకు కోదాడ తీసుకొచ్చారు. అక్క వాళ్ల ఇంటామె మంచిదే, పండక్కి అరిసెలు కూడా పంపుతుంది. కానీ "పురుడు మాత్రం ఇక్కడొద్దమ్మా, మాకు మైల" అనేసింది. పచ్చి బాలింత, చేతిలో నాలుగు రోజుల పసిగుడ్డు! ఆస్పత్రి నుంచి నేరుగా సూర్యాపేట మా ఇంటికొచ్చింది. ఉయ్యాల కూడా మా వంటింటి దూలానికే కట్టాం. అలా రాను మా ఇల్లు లేకపోతే ఆ పిల్ల ఎక్కడికి పోవాలి, మీరే చెప్పండి.

చావుకూ ఇదే తంతు. సాగర్ ఎడమ కాలువకు 1967లో నీళ్లొదిలాక వరి పెరిగి మిర్యాలగూడ రైస్‌మిల్లుల ఊరైంది. ఆ మిల్లుల్లో బస్తాలు మోసిన చిన్నాయన పోతే, శవాన్ని కిరాయింట్లోకి రానీయలేదు. రోడ్డు పక్కనే టెంటు వేశారు. చిన్నమ్మ రాత్రంతా దాని కిందే కూర్చుంది. దొడ్డికి పోవాలన్నా మా ఆడవాళ్లం ఎదురింటి వాళ్లని బతిమాలుకున్నాం.

ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలుపెట్టారు. ఇంటికి 5 లక్షలు, అదీ ఇల్లాలి పేరు మీద. ఇది నాకు నచ్చింది. తన పేరున ఇల్లుంటే పురుడుకు ఎవరి దయా అక్కర్లేదు. కానీ తొలి విడత సొంత జాగా ఉన్నవాళ్లకే. పునాది లేచాకే మొదటి బిల్లు. జాగా కొనలేకే కదా చిన్నమ్మ లాంటివాళ్లు కిరాయికుంటున్నది!

అన్నట్టు, ఇల్లు చూడబోయినప్పుడు నీళ్లు, కరెంటుతో పాటు పురుడు సంగతీ ముందే అడగండి. ఇంట్లో నెలలు నిండే పిల్ల ఉంటే మరీనూ. సిగ్గుపడొద్దు.

అక్క ఇప్పుడు కోదాడ చివర అరవై గజాల జాగా కోసం చీటీ కడుతోంది. ఇంకా ఇరవై నెలలుంది.