రీగన్ కొండ

సిమీ వ్యాలీలోని రీగన్ గ్రంథాలయాన్ని ఒకసారి మేకలు కాపాడాయి. 2019 అక్టోబరు 30న ఈ కొండలకు నిప్పంటుకుంది. పెనుగాలికి మంటలు వాలు వెంట పైదాకా ఎగబాకాయి. ఆ ఏడాది మే నెలలోనే గ్రంథాలయం వాళ్లు ఓ అయిదు వందల మేకల్ని అద్దెకు తోలించి, భవనం చుట్టూ ఉన్న ఎండుగడ్డినీ తుప్పల్నీ మేపించేశారు. మేసినంత మేరా మంటకు తిండి దొరకలేదు. ఫైరింజన్ల వాళ్లకు ఆ కాస్త వెసులుబాటు చాలింది. సమస్యకు పరిష్కారం ప్రభుత్వం కాదు, ప్రభుత్వమే సమస్య అని 1981లో అధ్యక్షుడిగా ప్రమాణ స్వీకారం చేసిన రోజునే ప్రకటించిన మనిషి స్మారకం ఇది. దాన్ని కాపాడిన పుణ్యంలో ప్రైవేటు మేకలకెంత, సర్కారు ఫైరింజన్లకెంత అని లెక్క కట్టబోతే ఈ దేశంలో తేలదు. పైగా ఈ గ్రంథాలయాన్ని చూసుకునేది కూడా సమాఖ్య ప్రభుత్వ నేషనల్ ఆర్కైవ్స్ శాఖే.

లాస్ ఏంజెలెస్‌కు వాయవ్యంగా ఉంటుందీ ఊరు. మా మేనల్లుడు పక్కనే థౌజండ్ ఓక్స్‌లో ఉంటాడు. ఉద్యోగం ఒక బయోటెక్ కంపెనీలో, హెచ్-1బీ వీసా మీద. ఇండియా నుంచి ఎవరొచ్చినా డిస్నీలాండ్‌కో, కలబాసస్ దగ్గర మాలిబు వెంకటేశ్వరస్వామి గుడికో తీసుకెళ్తాడు. రీగన్ గ్రంథాలయం చూస్తానంటే నన్ను వింతగా చూశాడు. "అక్కడేముంటుంది మామయ్యా, కాగితాలు తప్ప?" అన్నాడు. సంక్రాంతి వెళ్లాక, వానలకు కొండలు పచ్చబడ్డ రోజుల్లో వెళ్లాం. కొండ ఎక్కే దారి పేరు ప్రెసిడెన్షియల్ డ్రైవ్. దీపస్తంభానికొక అధ్యక్షుడి బొమ్మ చొప్పున, వాషింగ్టన్ నుంచి వరసగా జెండాలు వేలాడదీశారు. నచ్చినవాళ్లనీ నచ్చనివాళ్లనీ అందరినీ పెట్టారు. మన దగ్గర ఏ పార్టీ కట్టిన స్మారకంలోనైనా ఇది జరిగే పనేనా అనిపించింది.

సిమీ వ్యాలీకి ఇంకో పేరు కూడా పడింది. రాడ్నీ కింగ్ అనే నల్లజాతీయుణ్ని చావబాదిన కేసులో లాస్ ఏంజెలెస్ పోలీసుల మీద విచారణ జరిగింది ఇక్కడి కోర్టులోనే. 1992 ఏప్రిల్ 29న తీర్పు వాళ్లకు అనుకూలంగా వచ్చింది, ఆ సాయంత్రానికే లాస్ ఏంజెలెస్ తగలబడింది. గ్రంథాలయం తెరుచుకుని అప్పటికి ఆర్నెల్లు కూడా కాలేదు. 1991 నవంబరు 4న జరిగిన ప్రారంభానికి నిక్సన్, ఫోర్డ్, కార్టర్, రీగన్, బుష్ వచ్చారు. అమెరికా చరిత్రలో అయిదుగురు అధ్యక్షులు ఒకచోట చేరడం అదే తొలిసారి.

లోపల మొదటి గదుల్ని గబగబా దాటేశాం. ఇలినాయ్‌లో పేద బాల్యం, నదిలో మునిగిపోతున్నవాళ్లను ఒడ్డుకు చేర్చిన కుర్రతనం, హాలీవుడ్, టీవీ. కొంచెం నిలబడాల్సింది ఒక్క విషయం దగ్గర. ఈయన 1962 దాకా డెమొక్రాట్. యాభయ్యేళ్లు దాటాక పార్టీ మారి, పద్దెనిమిదేళ్లలో అధ్యక్షుడై, 1984లో యాభై రాష్ట్రాల్లో నలభై తొమ్మిది గెలిచాడు. ఓవల్ ఆఫీసును ఉన్నదున్నట్టు మళ్లీ కట్టి పెట్టారు. పైపు మానడానికి అలవాటు చేసుకున్న జెల్లీ బీన్స్ కూడా కనిపిస్తాయి. ఆ మిఠాయి గింజలతోనే అతికించి చేసిన ఆయన బొమ్మ ఒకటుంది, పిల్లలు కదలరు అక్కడి నుంచి.

అసలు సంగతి విమానం. 27000 నంబరు బోయింగ్ 707. నిక్సన్ మొదలు చిన్న బుష్ దాకా ఏడుగురు అధ్యక్షుల్ని మోసింది. 1974లో నిక్సన్ గద్దె దిగి కాలిఫోర్నియా వెళ్లింది ఇందులోనే, 1989లో పదవీకాలం ముగించుకుని రీగన్ ఇంటికి చేరిందీ ఇందులోనే. దాన్ని స్తంభాల మీద నిలబెట్టి, ముందు భాగం పెద్ద అద్దాల గోడ వైపు తిప్పి, ఇప్పుడే గాల్లోకి లేవబోతున్నట్టు పెట్టారు. తలుపు దగ్గర చెయ్యూపుతూ ఫొటో తీయించుకోవచ్చు, డబ్బులు వేరే. లోపల బాగా ఇరుకు. మన ఎర్రబస్సంత వెడల్పు నడవాలో ప్రపంచాన్ని బెదిరించగల యంత్రాంగమంతా కూర్చునేదా అని ఆశ్చర్యపోయాను.

విమానం కింద ఒక వాలంటీరు పెద్దాయన కలిశాడు. దక్షిణ కాలిఫోర్నియాలోని ఒక విమానాల కంపెనీలో పనిచేసి రిటైరయ్యాడట. రీగన్ సైన్యం మీద కుమ్మరించిన డబ్బు ఈ లోయల్లో ఎన్ని ఇళ్లు కట్టించిందో, సోవియట్ యూనియన్ కూలాక ఎన్ని కొలువులు ఊడాయో రెండూ చెప్పాడు. "మేం గెలిచాం, గెలిచినందుకు నా ఉద్యోగం పోయింది" అని నవ్వాడు. గొంతు పెంచకుండా, ఎదుటివాడికి సందు ఇస్తూ మాట్లాడే మనిషి. టీవీల్లో అరిచే కన్సర్వేటివ్‌లనే చూసి వచ్చిన నాకు ఇది కొత్త.

బయట బెర్లిన్ గోడ ముక్క ఒకటి నిలబెట్టారు, మీద సీతాకోకచిలుక బొమ్మ. ఆ గోడను కూల్చమని గోర్బచేవ్‌ను ఉద్దేశించి 1987 జూన్ 12న రీగన్ అడిగిన సంగతి తెలిసిందే. దాని పక్కన నిలబడి మెక్సికో సరిహద్దు గోడ గురించి అడగని సందర్శకుడు ఉండడేమో. నేనూ అడిగాను. వాలంటీరు పెద్దాయనకు అలవాటైన ప్రశ్నే. "ఆ గోడ సొంత జనాన్ని బయటికి పోనివ్వకుండా కట్టింది. మాది చెప్పాపెట్టకుండా లోపలికి రాకుండా కట్టేది. ఇంటికి తలుపుండటం, జైలుకు తలుపుండటం ఒకటి కాదు" అన్నాడు. సరే, మరి 1986లో రీగనే సంతకం చేసి కాగితాల్లేని సుమారు 27 లక్షల మందికి నివాస హక్కు ఇచ్చాడుగా అన్నాను. "అదే ఆయన చేసిన తప్పు" అన్నాడు క్షణం ఆలోచించకుండా. అప్పటి ఒప్పందం ప్రకారం ఒక చేత్తో క్షమాభిక్ష, ఇంకో చేత్తో అక్రమంగా కొలువులిచ్చే యజమానుల మీద కఠిన చర్య. మొదటిది జరిగింది, రెండోది కాగితం మీదే ఉండిపోయింది. వాషింగ్టన్ మాట ఇచ్చి తప్పుతుందన్న కసి అక్కడే మొదలైందని ఆయన వాదన. కన్సర్వేటివ్‌ల సరిహద్దు పట్టుదలను జాతి ద్వేషంగా మాత్రమే చూసేవాళ్లు ఈ నలభయ్యేళ్ల లెక్కను పట్టించుకోరు. ద్వేషం లేదని నేననను, అదొక్కటే అనుకుంటే ఓట్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో అర్థం కాదు.

ఈ కొండ మీద నాకు పట్టుబడిందిదే. ఇంటిపెద్ద ఫొటోకు నిలువెత్తు దండ వేసి, పొలం మాత్రం హద్దురాళ్లు పీకి కొత్తగా పంచుకున్నట్టుంది రిపబ్లికన్ పార్టీ వ్యవహారం. పన్నుల దగ్గర వారసత్వం పదిలం. రీగన్ అత్యధిక ఆదాయపన్ను రేటును 70 శాతం నుంచి 28కి దించాడు, ఆ దారి ఎవరూ వదల్లేదు. ఆయన హయాంలో దేశం అప్పు దాదాపు మూడింతలైంది, ఆ దారీ వదల్లేదు. వాణిజ్యం దగ్గరికొస్తే కథ మారుతుంది. 1987లో రీగన్ సుంకాల వల్ల కలిగే చేటు గురించి రేడియోలో మాట్లాడాడు. 2025 అక్టోబరులో కెనడాలోని ఒంటారియో ప్రభుత్వం ఆ గొంతునే టీవీ ప్రకటనగా వేయించింది. ట్రంప్ మండిపడి కెనడాతో చర్చలు ఆపేశారు. ఈ గ్రంథాలయం వెనకున్న రీగన్ ఫౌండేషన్ కూడా ప్రకటన ఆయన మాటల్ని వక్రీకరించిందని తప్పుపట్టింది. అప్పట్లో జపాన్ ఎలక్ట్రానిక్ వస్తువుల మీద రీగన్ నూరు శాతం సుంకం వేసిన మాటా నిజమే, ఆ ప్రసంగం వచ్చిందే ఆ సందర్భంలో. అయినా, వేయాల్సి వచ్చిందని నొచ్చుకుంటూ వేసినవాడికీ, సుంకమంత అందమైన మాట నిఘంటువులో లేదనేవాడికీ తేడా లేదంటే ఒప్పుకోలేను.

సంస్కృతి సంగతి ఇంకా తమాషా. కాలిఫోర్నియా గవర్నరుగా 1967లో గర్భస్రావ నిబంధనల్ని సడలించే చట్టం మీద సంతకం పెట్టింది రీగనే, తర్వాత పశ్చాత్తాపపడ్డాడనుకోండి. అదే ఏడాది జనం గుళ్లు నింపిన తుపాకులు పట్టుకుని బహిరంగంగా తిరగడాన్ని నిషేధించాడు. 1969లో తప్పు ఎవరిదో తేల్చనక్కర్లేని విడాకుల చట్టం తెచ్చాడు. ఈ మూడూ ఈనాటి అభ్యర్థి చేసి ఉంటే చర్చిలకు వెళ్లే ఓటరు గడప తొక్కనివ్వడు.

దేశ భద్రత మీద 2013 నుంచి ఏటా ఇక్కడ పెద్ద సదస్సు జరుగుతోంది. 2025 డిసెంబరులో జరిగినదానికి పీట్ హెగ్సెత్ వచ్చారు, రక్షణ శాఖను ఇప్పుడు యుద్ధ శాఖ అంటున్నారు కదా, దాని మంత్రి. రీగన్‌కు అసలైన వారసుడు ట్రంపేనన్నారు. పరదేశాల్లో ప్రజాస్వామ్యం నాటే పనికి ఇక సెలవన్నారు. బలం ద్వారా శాంతి అనే నినాదం ఇద్దరిదీ. కానీ ఆ బలంతో రీగన్ చివరికి చేసింది గోర్బచేవ్‌తో కూర్చుని 1987 డిసెంబరులో మధ్యశ్రేణి క్షిపణుల్ని రద్దు చేసుకోవడం. ఆ ఒప్పందం నుంచి అమెరికా 2019లో, ట్రంప్ మొదటి విడతలో, బయటికొచ్చింది. రష్యాయే ముందు ఉల్లంఘించిందన్నది వాళ్ల సమాధానం, అందులో పస లేకపోలేదు. ఉక్రెయిన్ గురించి పెద్దాయన మాత్రం తటపటాయించాడు. "రీగన్ అయితే వదిలేవాడు కాదు. కానీ ఇరాక్ నుంచి మా వీధి కుర్రాడు ఎలా తిరిగొచ్చాడో రీగన్ చూడలేదు" అన్నాడు.

ఆవరణలో ఉన్న ఎఫ్-14 యుద్ధవిమానాన్ని చూస్తుంటే నాకు గుర్తొచ్చింది వేరే. అదే కాలంలో రీగన్ ప్రభుత్వం పాకిస్తాన్‌కు నలభై ఎఫ్-16లు అమ్మింది, 320 కోట్ల డాలర్ల సాయమూ ప్రకటించింది. ఆ రోజుల్లో మా ఊరి లైబ్రరీలో పేపరు చదివేవాళ్లకు రీగన్ అంటే అదే. ఇక్కడి ప్రదర్శనలో ఆ ఊసు నా కంటబడలేదు.

తిరిగొచ్చేముందు మావాడు నోరు విప్పాడు. 2023 సెప్టెంబరులో ఈ ఆవరణలోనే రిపబ్లికన్ అభ్యర్థుల చర్చ జరిగితే, వేదిక మీద నిక్కీ హేలీ, వివేక్ రామస్వామి ఒకరినొకరు చీల్చుకున్నారు. మనవాళ్లిద్దరు ఆ స్థాయికొచ్చారని అప్పట్లో వాట్సాప్‌లో మురిసిపోయాం అన్నాడు. తర్వాత ఉపాధ్యక్షుడి భార్య ఉషా వాన్స్ పేరు చెప్పి, ఆమె పూర్వీకుల ఊరైన పశ్చిమ గోదావరిలోని వడ్లూరు కూడా మురిసింది. అంతలోనే 2024 డిసెంబరులో హెచ్-1బీ మీద ఆ పార్టీలో వాళ్లలో వాళ్లకే రచ్చ. 2025 సెప్టెంబరులో, విదేశం నుంచి తెచ్చుకునే కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము. పెద్దాయనతో మావాడు తన వీసా సంగతి చెప్పాడు. "మీరు చట్టప్రకారం వచ్చారు, మీ గొడవ వేరు" అన్నాడాయన మనస్ఫూర్తిగానే. "ఈ మాట అందరూ అంటారు మామయ్యా" అన్నాడు వీడు తెలుగులో, నవ్వు మొహంతోనే.

అక్కడే ఉన్న రీగన్ సమాధి చూసి కారు దగ్గరికి వెళ్తూ పెద్దాయన్ను మళ్లీ పలకరించాను. ఇవాళ రీగన్ పోటీ చేస్తే మీ పార్టీ టికెట్ దొరుకుతుందా అని అడిగాను. గడ్డం గోక్కున్నాడు. "1980లోనే అయోవాలో పార్టీ పోటీలో బుష్ చేతిలో ఓడాడు, ఇప్పుడైతే అక్కడితోనే ఆపేసేవాళ్లు" అన్నాడు. మరి మీరెవరికి వేస్తారన్నాను. "నేనా? ఆయనకే. వేసి, నవంబరులో మాత్రం టికెట్ గెలిచినవాడికి వేస్తాను."