ఆఱుగురి కుటుంబము

ఎల్‌బీ నగరు కూడలి మొదలుకొని దిల్‌సుఖ్‌నగరు వఱకు గల వీథులలో నివసించు కుటుంబములందు నేడు మనుష్యులకంటె ఫోనుల సంఖ్యయే హెచ్చనిన నతిశయోక్తి కానేరదు. తండ్రికి రెండు, తల్లికి ఒకటి, కళాశాలకు బోవు పెద్దవానికొకటి, పాఠముల కొఱకని కొన్న ట్యాబు ఒకటి, తెర పగిలి అవ్వగారి చేతికి వచ్చిన పాత ఫోను మఱియొకటి. ఇన్ని యంత్రములు గల యింట నెవరైన నొకరు వెల యిచ్చి యొక యాపును గొన్నచో, అది యా యొక్కరిదా, ఇంటివారందఱిదా? ప్రశ్న చిన్నదిగా దోచును. అయినను తలిదండ్రుల సమావేశమునందు నన్నెవరో యొకరు దీని నడుగకుండ సంవత్సరము గడచుట లేదు. ఉపాధ్యాయుడను గావున నాకు సర్వము దెలియునని వారి నమ్మకము. తెలిసినంతవఱకు వ్రాయుచున్నాను.

మా యింట మొట్టమొదట వెల యిచ్చి కొన్న యాపు ఒక ఆంగ్ల నిఘంటువు. ఇంటర్నెట్టు లేనపుడును అది పనిచేయును. నడుమ నడుమ ప్రకటనలు వచ్చి బాలుర దృష్టిని మఱల్పవు. ఆ రెండు గుణముల కొఱకే కొంటిమి. కొన్న మఱునాడే మా పెద్దవాడు "నాన్నగారూ, నా ఫోనులో గూడ వేయండి" అనెను. "మఱల డబ్బు కట్టనేల? మీ ఖాతానే వాడి ఫోనులోను పెట్టండి, చాలును" అని వాని తల్లి యుపాయము చెప్పెను. ఆ యుపాయము ఆమె సొంతము గాదు. మా కాలనీలో చాలమంది చేయుచున్నది అదియే. నేను మాత్రము దాని కొప్పుకొనలేదు.

ఏలయనగా, కొన్న యాపు ఫోనునకు జెందదు, ఖాతాకు జెందును. ఒకే ఖాతాను పది ఫోనులలో దెఱచినను పదింటిలోను ఆ యాపును మఱల వెల లేక దింపుకొనవచ్చును. ఇంతవఱకు సులభమే. కాని ఖాతా యనునది అంగడివాని చిట్టాపుస్తకము వంటిది మాత్రము గాదు. అందే మన ఉత్తరములుండును, ఛాయాచిత్రములుండును, బంధుమిత్రుల నంబరులుండును, ఏమి వెదకితిమో యేమి చూచితిమో యా జాబితా యుండును. ఒక నిఘంటువు కొఱకై యింటి పెట్టె తాళపుచెవిని అందఱి మొలలకు గట్టుట యెట్టిదో యిదియు నట్టిదే. కొన్ని యిండ్లలో దీని ఫలము హాస్యముగా నుండును. పదవ తరగతి బాలుడు త్రికోణమితి పాఠము వినవలెనని యూట్యూబు దెఱచును. అందు వరుసగా గోంగూర పచ్చడులును మోకాళ్ల నొప్పులకు మందులును బ్రత్యక్షమగును. అవ్వగారు దెఱచినచో క్రికెట్టు! అవ్వగారొకరు నాతో, "మాస్టరుగారూ, నా ఫోనుకు మతి చెడింది" అని మొఱపెట్టుకొనిరి. ఫోనునకు మతి చెడలేదు. ఇద్దఱి మనస్సుల నొక్క సంచిలో గట్టిరి, అంతియే.

అన్ని యిండ్లలోను నవ్వుకొని విడుచుటకు వీలుపడదు. నాకు దెలిసిన యొక కుటుంబమున కళాశాలలో జదువు బాలిక తనకు గలిగిన శరీరబాధను గుఱించి ఫోనునందు వెదకెను. తల్లితో జెప్పుటకే సిగ్గుపడిన సంగతి యది. అదే ఖాతా పినతండ్రి ఫోనులోను నుండెను. ఆ మాటలన్నియు నాయన తెరమీదను గనబడెను. ఆయన చెడ్డవాడు గాడు, అయినను భోజనముల యొద్ద నందఱి యెదుట ప్రస్తావించెను. పిమ్మట చాల దినము లా బాలిక యేమియు వెదకలేదు, ఎవరినేమియు నడుగలేదు. ఆమె బాధ వైద్యురాలికి దెలియుటకు నెలలు పట్టెను. ఒక యాపు వెల మిగిలినదనుకొను తలిదండ్రులు ఈ లెక్కను గూడ వేసికొనవలెను.

ఖాతాలు వేఱుగా నుండియు కొన్నది కలిసి వాడుకొనుటకు న్యాయమైన మార్గము లేకపోలేదు. 2014 సెప్టెంబరులో ఆపిల్ సంస్థ ఐఓఎస్ 8 తో గూడ ఫ్యామిలీ షేరింగు అను నేర్పాటును దెచ్చెను. 2016 జూలైలో గూగుల్ సంస్థ ఫ్యామిలీ లైబ్రరీ యను పేర నట్టిదానినే మొదట కొన్ని దేశములలో బ్రారంభించెను. పిమ్మట మనకును వచ్చినది. రెండింటి పద్ధతియు నించుమించుగ నొక్కటియే. ఇంటి పెద్ద యొకరు కుటుంబమును స్థాపించి, మఱి యైదుగురిని ఆహ్వానింపవచ్చును. ఎవరి ఖాతా వారిదే, ఎవరి ఉత్తరములు వారివే. ఒకరు కొన్న యాపును కుటుంబ గ్రంథాలయమున జేర్చిన యెడల తక్కిన యైదుగురును దానిని తమ ఫోనులలోనికి దింపుకొందురు. పిల్లలు క్రొత్తగా నేదైన గొనగోరినపుడు పెద్దవారి యనుమతి యడుగునట్లును ఏర్పఱుపవచ్చును. ఈ యనుమతి విషయమున తల్లులు తండ్రులకంటె గట్టివారని నా యనుభవము.

అయినను ఇందు చిక్కులున్నవి. గూగుల్ వారి పద్ధతిలో, యాపును గొన్న తరువాత దాని లోపల మఱల వెల యిచ్చి తెఱచుకొను భాగములు పంచుకొనుటకు రావు. నేటి యాపులలో ననేకములు వాకిటిలో ఉచితమని వ్రాసి, నడుమ గదికి బీగము వేసి, అచట వెల యడుగునవియే. అట్టివానిని ఇంటిలో ఎందఱు వాడిన నందఱు గొనవలసినదే. ఆపిల్ అంగడిలో కొన్ని చందాలను పంచుకొనవచ్చును గాని, అది యాపు చేసినవాని యిష్టముపై నాధారపడి యుండును. మఱియు నొక యంగడిలో గొన్నది రెండవ యంగడి ఫోనులో బనిచేయదు. బాబాయి ఐఫోనులో గొన్నదానిని అబ్బాయి ఆండ్రాయిడ్ ఫోనులో వేయుమనుట దండుగ.

ఇంతకును నన్ను మిక్కిలి యాలోచింపజేసినది ఆ 'ఆఱుగురు' అను లెక్క. ఆ యంకెను ఏర్పఱిచిన వారి కన్నుల యెదుట భార్యాభర్తలును నలుగురు బిడ్డలును ఉండిరేమో తెలియదు. మా యింట నేను, నా భార్య, ఇద్దఱు పిల్లలు, మా అమ్మగారు, చదువుకొఱకు సూర్యాపేట నుండి వచ్చి మాతో నున్న నా బావమఱది, అక్కడికి ఆఱుగురు నిండిరి. మా మేనత్తగారు ఏడవవారు. పదునెనిమిదేండ్లుగా మా యింటనే యున్న యామె కుటుంబము గాదని యే యంకెయు నాకు జెప్పజాలదు. కాని తెరమీద 'ఇక స్థానము లేదు' అని వచ్చినది. ఇది యొక్క మాయింటి గోడే గాదు. విజయవాడ రహదారి వెంబడి నల్లగొండ, సూర్యాపేట ప్రాంతముల నుండి వచ్చి యీ వైపున స్థిరపడిన కుటుంబములలో అన్నదమ్ములు ఒకే మేడలో పై అంతస్తునందొకరును క్రింది అంతస్తునందొకరును నుండుట పరిపాటి. వంట యొకటి, రేషను కార్డులు రెండు, నీళ్ల ట్యాంకు ఒకటి. వారు ఒక కుటుంబమా, రెండా యని వారినే యడిగిన, సందర్భమును బట్టి చెప్పెదరు. విదేశములకు బోయిన వారి సంగతి యింకను గష్టము. గూగుల్ కుటుంబమున నందఱు నొక్క దేశమువారై యుండవలెనని నియమము. డాలసులో నున్న పెద్ద కుమారుడు ప్రతిమాసము డబ్బు పంపవచ్చును, ప్రతిరాత్రి తల్లితో మాటలాడవచ్చును. ఆమె గ్రంథాలయమున మాత్రము సభ్యుడు గానేరడు.

పుస్తకమున కీ బాధ లేదు. 1901లో హైదరాబాదున స్థాపింపబడిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము నాటి నుండి ఎన్ని వేల చేతులకు ఒక్కొక్క ప్రతి మాఱియుండును! 1935లో పెదవడ్లపూడి, కొల్లిపరల నడుమ కాలువలో బడవమీద గ్రంథాలయమునే నడిపిరి. చదువువా డెవడని గాని, వాని కుటుంబమున నెందఱని గాని పుస్తక మడుగలేదు. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టము కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్యకృతుల లెక్కలోనే యుంచినది. 1984 నాటి సవరణచే నట్లు జరిగెను. న్యాయముగా దానిని బొందినవాడు, పాడగునను భయమున దాచుకొనుటకై మాఱుప్రతి చేసికొనవచ్చునని 52వ సెక్షను చెప్పుచున్నది. చట్టము దృష్టిలో యాపు పుస్తకమునకు చెల్లెలే. కాని అక్క సొంతమై మన అలమారులోనికి వచ్చును. చెల్లెలు మనయింట నుండుటకు అనుమతి మాత్రము తెచ్చుకొనును. మనము చదువక 'అంగీకరించితిని' అని నొక్కెడు పత్రములో నున్నది ఆ సంగతియే. బాలురు ఆ పత్రము నొక్కమాఱైనను చదివి చూడవలెనని నా కోరిక. ఆంగ్లము కొంత కఠినమే గాని, వ్యాకరణ పాఠమునకు బనికివచ్చును.

ఇపుడు పెద్ద విద్యార్థులతో నొక మాట. దిల్‌సుఖ్‌నగరు పరిసరములలో శిక్షణాలయములును హాస్టళ్లును ఎన్ని గలవో మీరెఱుగుదురు. 2018 సెప్టెంబరు 24న ఎల్‌బీ నగరు నుండి అమీర్‌పేటకు మెట్రో రైలు నడువసాగినది మొదలు ఆ బండిలో చెవుల దీగలు పెట్టుకొని ప్రకటనలు లేని పాటలు వినుచు బోవు బాలురను నిత్యము చూచుచున్నాను. వారిలో బెక్కుమంది 'కుటుంబ' చందాదారులు. కాని యా కుటుంబమున తల్లి లేదు, తండ్రి లేడు. ఒక్క గదిలోని వారు కొందఱు, గది మాఱిపోయిన వారు కొందఱు, ముఖ మెఱుగని వారు కొందఱు. యూట్యూబు ప్రీమియము ఒక్కరికి నెల కింత, కుటుంబమున కింత యని రెండు ధరలున్నవి. 2024 ఆగస్టులో ఒక్కరి వెల 129 నుండి 149 రూపాయలకును, కుటుంబపు వెల 189 నుండి 299 రూపాయలకును బెరిగెను. 299ని ఆఱింట భాగించిన నొక్కొక్కరికి బడునది యేబదికి లోపే. బాలుర గణితము తప్పు గాదు. అందఱు నొక్కయింట నివసింపవలె నను షరతును మాత్రము వారు విడిచిపెట్టిరి. 2023 జూలైలో నెట్‌ఫ్లిక్స్ వారు మన దేశపు చందాదారులకు గూడ ఒక ఖాతా ఒక యింటివారికే యని తాఖీదు పంపిరి గదా. తక్కిన వారును ఆ త్రోవనే బోవుచున్నారు.

షరతు మాట యటుంచి, ఈ కల్పిత కుటుంబములందు చిక్కుకొనువారు బీదబాలురే. నా పూర్వవిద్యార్థి యొకడు ఐదుగురితో గూడి యిట్టి కుటుంబమున జేరి, సంవత్సరపు భాగము ముందుగనే చెల్లించెను. మూడు మాసములకు కుటుంబపెద్ద యైన బాలుడు పరీక్ష ముగించుకొని గది ఖాళీచేసి, కుటుంబమునే రద్దుచేసి పోయెను. కుటుంబము రద్దయినపుడు పంచుకొన్నవన్నియు బోవును. మా వాడు వెంటనే వేఱొక కుటుంబమున జేరబోగా, ఒకసారి మాఱినవారు మఱల మాఱుటకు పండ్రెండు నెలలు ఆగవలె నని వచ్చినది. సొంత అన్నగారు ఇంటి నుండి ఆహ్వానము పంపినను వాడందు బ్రవేశింపలేకపోయెను! ఇంకొక ప్రమాదము పెద్దవానిది. కుటుంబమున కని కార్డు నిచ్చిన యెడల సభ్యుల కొనుగోళ్లు దానిమీదికే వచ్చును. తండ్రి కార్డును అడుగక వాడి, ఎవరో యెఱుగనివాని ఆటల ఖర్చును తండ్రిచేత గట్టించిన బాలుని గూడ నేనెఱుగుదును. ఆ తండ్రి ఉప్పల్ వైపున వడ్రంగము చేయువాడు.

యాపులు చేయువారందఱు కోటీశ్వరులని యనుకొనరాదు. ఒక్కడు కూర్చుండి చేసిన నిఘంటువులు, వ్యాకరణములు, పక్షుల కూతల సంపుటములు నున్నవి. అట్టివారి నుద్దేశించియే 2021 జూలై నుండి గూగుల్ వారు సంవత్సరమున మొదటి పది లక్షల డాలర్ల రాబడిపై తమ భాగమును నూటికి ముప్పది నుండి పదునైదునకు దగ్గించిరి. తన యాపును కుటుంబమువారు పంచుకొందురని వానికి ముందే తెలియును. ఆ లెక్కతోనే వెల పెట్టును. హాస్టలు నంతయు కుటుంబమని చెప్పిన, వాని లెక్క తప్పును.

తలిదండ్రులకు జెప్పవలసినది ఇంకొకటి యున్నది, చెప్పుటకు గొంత సంకోచముగా నున్నది. అన్నియు ఇంటి యజమాని ఖాతామీదనే కొని, ఆ పాస్‌వర్డు ఆయన మనస్సులోనే యుండు గృహములు మనలో జాల. మా వీథిలో నొక గృహస్థు గతించిన పిమ్మట ఆయన భార్య బిడ్డల పాఠపు యాపులు గాని, పదియేండ్ల ఛాయాచిత్రములు గాని తెఱువలేక, ఓటీపీ వచ్చు సిమ్ము కార్డు గూడ నిలిచిపోయి, దుకాణము నుండి దుకాణమునకు దిరిగెను. గూగుల్ వారు 2013 నుండియే, ఖాతా కొంతకాలము నిశ్చలముగా నున్నయెడల ఎవరికి దెలుపవలెనో, ఏమేమి యప్పగింపవలెనో ముందుగ వ్రాసియుంచు వసతి నేర్పఱిచిరి. ఆపిల్ వారు 2021 డిసెంబరులో ఇట్టి వారసుని నియమించు పద్ధతిని దెచ్చిరి. రెండేండ్లు ఎవరును దెఱువని వ్యక్తిగత ఖాతాలను తొలగింపవచ్చు నని గూగుల్ 2023లో బ్రకటించినది గావున ఆలస్యమునకును హద్దున్నది. ఇన్స్యూరెన్సు పత్రములో నామినీ పేరు వ్రాయుటకు వెనుదీయనివారు ఇందులకు వెనుదీయుట యేలనో! పది నిమిషముల పని. మా యింట నేనును నా భార్యయు ఒక ఆదివారము మధ్యాహ్నము కూర్చుండి, ఒకరి కొకరిని వ్రాసికొంటిమి. ఆ దినము భోజనము కొంచెము నిశ్శబ్దముగా జరిగినది.

మా మేనత్తగారి సంగతి చెప్పి విరమించెదను. ఆమెకు డెబ్బది రెండేండ్లు. వార్తాపత్రికలో ఆంగ్లపదము కనబడిన యర్థము తెలిసికొనక నిద్రింపరు. ఏడవ స్థానము కొఱకు ఎవరిని దొలగింతుమని మేము తర్కించుకొనుచుండగా, "ఎందుకు నాయనా ఆ గొడవ" అని యామె పత్రిక చేత బట్టుకొని మా చిన్నదాని ప్రక్కన గూర్చుండిరి. నేటికిని రాత్రి ఎనిమిది గంటలకు ఆమె పదము చదువుదురు, చిన్నది వెదకి యర్థము చెప్పును. వేగముగా జెప్పిన, మఱల నెమ్మదిగా జెప్పుమందురు.