విశాఖ తీరమున చక్రముల యాట

గత వేసవియందు మేము కొన్ని దినములు విశాఖపట్టణమున మా వదినగారి యింట నుంటిమి. ఆ పురమునకు వెళ్ళినవారు సముద్రమును చూడక మానరు. కాని మా మనస్సున నిలిచిపోయినది సముద్రము కాదు. దాని యొడ్డున చిన్నపిల్లలు నేర్చుకొనుచున్న యొక యాట. అది మా అమ్మాయి భయమును పోగొట్టినది గనుక సోదరీమణులకు తెలుప దలచితిమి.

రామకృష్ణా బీచి వెంట పోవు బాటపై ప్రాతఃకాలమున కొంతసేపు వాహనములను రానీయరు. ఇసుక యొడ్డున కురుసుర యను జలాంతర్గామి యున్నది. అది 1969 మొదలు 2001 వరకు మన నౌకాదళమున పనిచేసి, 2002 నుండి ప్రదర్శనశాల యైనది. ఆ ప్రాంతమున వృద్ధులు వ్యాహ్యాళికి నడచుచుండగా, వారి ప్రక్కగా పిల్లలు స్కేట్లు తొడిగికొని పిట్టలవలె సాగిపోవుచుందురు.

ఈ స్కేట్లకు చక్రములు బండికివలె రెండు వరుసల నుండవు. అడుగున నొకే వరుసగా నుండును. ఇట్టివానికి 1819లోనే పారిసులో పెటిబ్లే యనునతడు హక్కుపత్రము పొందెను. 1863లో న్యూయార్కువాడగు ప్లింప్టను నాలుగు చక్రముల జోడును తెచ్చిన పిదప ఒంటివరుసవి మరుగుపడెను. 1980 ప్రాంతమున అమెరికాలోని మిన్నెసోటాలో ఓల్సను సోదరులు వానిని మరల వాడుకలోనికి తెచ్చిరి. మంచుపై హాకీ ఆడువారికి వేసవిలోను సాధన కావలసియుండెను గదా!

మా అమ్మాయి కెనిమిదేండ్లు. ఎదుగు పిల్ల గదా యని, గౌనుకు మడత వదలి కుట్టించినట్లే, మేము రెండు కొలతలు పెద్దవైన స్కేట్లు కొంటిమి. చీలమండ నిలువక, మొదటి దినముననే మా వాకిట వెల్లకిల పడి మణికట్టు వాచినది. అటుపై స్కేట్లు అటక యెక్కెను. తప్పు మాది, భయము దానికి మిగిలెను.

వదినగారి కూతురు విడిచిన జత దాని పాదమునకు సరిగా కుదిరెను. తలకు టోపీ, మోకాళ్ళకు, మోచేతులకు, అరచేతులకు కవచములు కట్టి, తీరమున పిల్లలకు నేర్పు నొక ఉపాధ్యాయిని కడకు తీసికొనిపోతిమి. ఆమె మొదట చీపురుతో బాటపై ఇసుక నూడ్చెను. చక్రము క్రింద ఇసుక పడిన జారుట తప్పదట! ఆమె సరంజామా యంతయు నొక గోనెసంచిలో నున్నది: సుద్దముక్కలు, ఖాళీ నీళ్ళసీసాలు, నిమ్మకాయలు, ఒక త్రాడు, గుడ్డబంతి.

మా అమ్మాయి మా చేయి వదలలేదు. అప్పుడామె, “మీరు చేయి వదలండమ్మా. మీరు పైకి లాగుతుంటే పిల్ల నిటారుగా నిలబడి వెనక్కి పడుతుంది” అని, దాని రెండు చేతులకు గుడ్డబంతి నిచ్చి ముందుకు చాచి పట్టుమనెను. ఆ చేతులతోపాటు మోకాళ్ళును వంగెను. ఒడలు ముందునకు వచ్చెను.

తొలి దినమున గోనెపై, చక్రములు దొరలని చోట, పడుటయే ఆట. మోకాళ్ళు, మోచేతులు, అరచేతులు వరుసగా నేల కానించి నవ్వుచు పడవలెను. ఒక మోకాలు పైకెత్తి, దానిపై చేతులూని లేవవలెను. రెండవ దినమున బాతునడక. మడమలు దగ్గరగా, వ్రేళ్ళు ఎడముగా నుంచి అడుగులు వేయగా చక్రములు తమంత దొరలినవి. మూడవ దినమున నిమ్మకాయ లేరుట. వంగి యేరు పిల్ల, మోకాళ్ళు వంచుట నేర్చుకొనుచున్నానని యెరుగదు! పిదప సీసాల నడుమ వంకరటింకరగా పోవుట, త్రాడు పట్టి రైలుబండి యాట. సుద్దతో గీసిన గీత ‘ఇల్లు’. దాని కడకు వచ్చినంతనే కాళ్ళు ఎడముగా చాచి, వ్రేళ్ళు లోనికి మలచి ఆగవలెను. కొంత ఆరితేరిన పిల్లలు కుడి స్కేటును ముందునకు జరిపి, వ్రేళ్ళ నెత్తి, మడమ వెనుకనున్న రబ్బరు బిళ్ళను నేల కదిమి ఆగుచుండిరి.

నాలుగవ దినమున సీసాలనే స్తంభములుగా నిలిపి నాలుగు స్తంభాలాట పెట్టిరి. మా అమ్మాయి ఖాళీ స్తంభముకొరకు పరుగిడుచు గుడ్డబంతిని ఎచ్చటనో జారవిడిచినది. ఒకమారు పడెను. మేము ఉలికిపడి లేచితిమి, అది మావైపు చూడనైన చూడక లేచి, “నా స్తంభం! నా స్తంభం!” అని కేకవేయుచు పోయెను. అప్పుడు మా కన్నులు చెమర్చెను. భయపడకుమని మేమెన్నిమార్లు చెప్పినను పోని భయము, ఆటలో పడి తనంత తానే పోయినది.

సోదరీమణులారా! ఈ యాటకు మొదట కావలసినవి పాదమునకు సరియైన జోడు, కవచములు, బండ్లు రాని నున్నని చోటు. తక్కిన సామగ్రి మన వంటయింటనే యున్నది. ఇక కష్టమైన దొక్కటే. పిల్ల చేయి సమయమెరిగి వదలుట. అది మేము నేర్చుకొనుటకు నాలుగు దినములు పట్టినది.