ఉప్పు అమానత్

జిద్దాలో పనికొచ్చిన కొత్తల్లో మా కఫీల్ నా చేతిలో రెండు తాళంచెవులు పెట్టాడు. ఒకటి కారుది. రెండోది హాలు వెనకున్న చిన్న గదిది. హాల్లో 400 లీటర్ల గాజు తొట్టి, దాన్నిండా బతికున్న పగడాలు. దానికి కావాల్సిన నీళ్లు, మోటార్లు అన్నీ ఆ గదిలోనే. "ఇవి నీ దగ్గర అమానత్" అన్నాడు.

ఫోన్లో చెబితే అమ్మీ ఒకటే నవ్వు. "సముందర్ పక్కనే ఉండి ఉప్పు కొంటారా బేటా? కడప నుంచి రాళ్లుప్పు పంపించనా?"

వంటుప్పు దాదాపు అంతా సోడియం క్లోరైడే అమ్మీ అన్నాను. సముద్రంలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, సల్ఫేటు, బైకార్బొనేటు కూడా ఒక లెక్క ప్రకారం ఉంటాయి. పగడం తన ఒళ్లు కట్టుకునేది కాల్షియం, బైకార్బొనేట్లతోనే. పోనీ కార్నిష్ దగ్గర ముంచుకొద్దామా అంటే, ఎర్ర సముద్రంలో ఉప్పు లీటరుకు 40 గ్రాముల దాకా ఉంటుంది. మా తొట్టి 35 మీద నడుస్తోంది. పైగా ఊరి ఒడ్డున నీళ్లలో ఏమేం కలిసిందో అల్లాకే మాలూమ్. అందుకే డబ్బా ఉప్పు, ఆర్వో నీళ్లు.

ఒకసారి మేం వాడే ఉప్పు దొరకలేదు. దుకాణంలో భాయ్ ఇంకో డబ్బా చూపించి, "ఇది ఖాస్ పగడాల కోసమే. కాల్షియం జ్యాదా, ఆల్కలినిటీ జ్యాదా" అన్నాడు. ధర కూడా జ్యాదానే. మహంగా సరుకు మంచిదే అయ్యుంటుందని తెచ్చేశాను. డబ్బా మీది అంకె చదవలేదు, గల్తీ నాదే.

ఆల్కలినిటీ అంటే ముఖ్యంగా నీళ్లలో బైకార్బొనేటు ఎంతుందో చెప్పే లెక్క. పాత ఉప్పుతో అది 8 డీకేహెచ్, ఇంచుమించు సముద్రంలో ఉన్నంత. కొత్తదానితో 12. ఇంటికి మెహమాన్లు వస్తున్నారు, తొట్టి మెరవాలి అని ఒకే పూట సగం నీళ్లు మార్చేశాను. 8 కాస్తా 10 అయింది. రోజుకు 1 కంటే ఎక్కువ పెరగనివ్వకూడదని నాకప్పటికి తెలీదు.

మూడో రోజు ఫజర్ చదివొచ్చి లైటు వేస్తే, కొమ్మల పగడాల కొసలు సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి. కాళ్లలో వణుకు. ఏదో జబ్బు చేసిందని చెప్పొచ్చు, ఆయనకు తెలిసే దారి లేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ అమానత్ అన్న మాట గొంతులో అడ్డం పడింది. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన చాలాసేపు తొట్టినే చూసి, "మిగిలినవి బతుకుతాయా?" అని మాత్రం అడిగాడు. తిట్టుంటే తేలిగ్గా ఉండేది.

ఆ ఉప్పు చెడ్డదని కాదు. గబగబా పెరిగే పగడాలు కిక్కిరిసి, ఆల్కలినిటీ ఎక్కువ మీదే నడిచే తొట్టికి అది బాగానే పనిచేస్తుంది. మాది 8 మీద అలవాటైన తొట్టి. ఇప్పుడు ధర చివర్లో చూస్తాను, అంకె ముందు. డబ్బా అడుగున ఒకటి, పైన ఒకటి పేరుకోకుండా బాగా దొర్లిస్తాను. నీళ్లలోనే ఉప్పు పోస్తాను. ఉప్పు మీద నీళ్లు పోస్తే కాల్షియం విరిగి పాలలా అవుతుంది. ఒక రోజంతా మోటారుతో తిప్పి, కొలిచాకే తొట్టిలోకి. ఉప్పు మారిస్తే ఒక్కసారికి పదో వంతు నీళ్లే.

రెండు కొమ్మలు పోయాయి. మూడోదాని మొదట్లో ఊదారంగు మళ్లీ పాకుతోంది. ఈ జుమ్మాకి 40 లీటర్లు కలపాలి. అల్‌హమ్దులిల్లాహ్, పాత ఉప్పే దొరికింది. అయినా టెస్ట్ చేశాకే పోస్తాను.