ఎప్పుడెప్పుడు పడింది?

ఒక్కసారి కూలి, లేచి, ఆ తర్వాత నెలల తరబడి నిక్షేపంగా నడిచే సర్వరంటే నాకు భయం. పదే పదే కూలేదాన్ని చూస్తే ధైర్యం వస్తుంది. మొదటిది చెప్పాల్సింది కడుపులోనే దాచుకుంది. రెండోది చెబుదామని మళ్లీ మళ్లీ వస్తోంది. వినే ఓపిక మనకుంటే చాలు.

లినక్స్ వర్చువల్ మెషీన్లతో పనిచేసేవాళ్లకి ఆ ఓపిక మరీ అవసరం. అక్కడ రీస్టార్ట్ అంత సులువు మరి. ఒక్క నొక్కు నొక్కితే నిమిషం తిరక్కుండా లాగిన్ అడుగుతుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆ నొక్కుతోనే మెమొరీలో ఉన్న సాక్ష్యమంతా తుడిచిపెట్టుకుపోతుంది.

కెర్నెల్ పానిక్ అయినప్పుడు తెరమీద ‘నాట్ సింకింగ్’ అని కూడా పడుతుంది. మెమొరీలో మిగిలిన డేటాని ఇక డిస్కుకి రాయనని కెర్నెల్ చెబుతోందన్నమాట. తన లెక్కల మీద తనకే నమ్మకం పోయాక, చెడిన డేటా రాసి మంచి ఫైళ్లని కూడా పాడుచేసే కన్నా ఆగిపోవడమే మేలు. ఆ నిజాయితీ అంటే నాకు చాలా గౌరవం. కాకపోతే దానివల్లే మనకో చిక్కు వస్తుంది. అసలు చూడాల్సిన చివరి క్షణాల లాగ్ చాలాసార్లు డిస్కుమీద ఉండదు.

అందుకే ఏర్పాట్లు ముందే చేసుకోవాలి. వర్చువల్ మెషీన్‌కి సీరియల్ కన్సోల్ పెట్టి, అందులో వచ్చే ప్రతి మాటా, దాన్ని నడిపే అసలు మెషీన్, అంటే హోస్ట్ మీద ఒక ఫైల్లో పడేలా చూడాలి. మెషీన్ పోయినా మాట మిగులుతుంది. రెండోది కేడంప్. ఇది కొంత మెమొరీని ముందే పక్కనపెట్టి, అందులో ఇంకో చిన్న కెర్నెల్‌ని సిద్ధంగా ఉంచుతుంది. అసలు కెర్నెల్ కూలగానే ఈ చిన్నది లేచి, కూలినదాని మెమొరీని ఫైలుగా భద్రం చేస్తుంది. దీనికి ఆధారమైన కెక్సెక్ 2005లో, 2.6.13 వెర్షన్‌తో కెర్నెల్‌లో చేరింది. కేడంప్ పెట్టాక ఒకసారి కావాలనే కెర్నెల్‌ని కూల్చి, ఫైలు వచ్చిందో లేదో చూసుకోవాలి. అవసరం పడ్డ రాత్రి తెలుసుకుంటే లాభం లేదు.

ఇక చదవడం. కూలే క్షణానికి ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితా కాల్ ట్రేస్. రెండు మూడు క్రాష్‌ల కాల్ ట్రేస్‌లు పక్కపక్కన పెట్టండి. ప్రతిసారీ ఒకే ఫంక్షన్ దగ్గర పడుతుంటే ఏదో డ్రైవర్ మీదో, కెర్నెల్ బగ్ మీదో కన్నేయాలి. ఒకసారి ఫైల్ సిస్టంలో, ఇంకోసారి నెట్‌వర్క్‌లో, మరోసారి ఆ రెంటితో సంబంధం లేని చోట పడుతుంటే అనుమానం మెమొరీ మీదికి పోవాలి. హోస్ట్‌లో ర్యామ్ చెడి ఉండొచ్చు. లేదా ఏదో మాడ్యూల్ తనది కాని చోట రాస్తూ ఉండొచ్చు.

హోస్ట్ మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. అద్దె పోర్షన్‌లో కుళాయి ఆగిపోతే, మన కుళాయి పాడైందో పైన ట్యాంకు ఖాళీ అయిందో లోపల నిలబడి చెప్పలేం. వర్చువల్ మెషీన్ పరిస్థితీ అంతే. సీపీయూ 22 సెకన్లు ఇరుక్కుపోయిందంటూ ‘సాఫ్ట్ లాకప్’ హెచ్చరిక వస్తుంది. మామూలుగా దాని హద్దు 20 సెకన్లు. నిజంగా గెస్ట్, అంటే వర్చువల్ మెషీన్ కెర్నెలే ఇరుక్కుని ఉండొచ్చు. హోస్ట్ తన దగ్గరున్న కోర్లకి మించి పంచిపెట్టి, దీని వంతు రానివ్వకపోయినా అదే హెచ్చరిక రావచ్చు. టాప్ కమాండ్‌లో, వంతు రాక పోయిన సమయాన్ని చూపే ‘స్టీల్’ అంకె పెరుగుతుంటే వెతకాల్సింది హోస్ట్ మీద.

అన్నిటికన్నా ముందు నేను అడిగేది వేళ గురించి. ఎందుకు పడిందో తర్వాత, ఎప్పుడెప్పుడు పడిందో రాసిపెట్టారా? 2.6.32 నాటి కొన్ని కెర్నెళ్లు ఇంటెల్ ప్రాసెసర్ల మీద దాదాపు 208 రోజులన్నర నడిచాక కూలేవి. 2 ఘాతం 54 నానోసెకన్లంటే సరిగ్గా అంత కాలమే. టిక్కుల్ని నానోసెకన్లుగా మార్చే గుణకారం అక్కడికి వచ్చేసరికి 64 బిట్లలో పట్టక పొంగిపోయేది. ఆ రోజుల లెక్క చేతిలో లేనివాడు ఎన్ని లాగ్‌లు తిరగేసినా ఏం దొరుకుతుంది? 2012 జూన్ 30న గడియారాలకి ఒక లీప్ సెకను కలిపారు. మనకి జులై 1 తెల్లవారి అయిదున్నర. ఆ క్షణం నుంచే ఎన్నో లినక్స్ సర్వర్లలో సీపీయూ వాడకం ఒక్కసారిగా పైకి లేచింది, కొన్ని స్తంభించాయి. తేదీని మళ్లీ సెట్ చేస్తే చాలామందికి కుదుటపడింది. అక్కడా దారి చూపింది వేళే.

కారణం దొరికేదాకా ఒక్కోసారి ఒక్కటే మార్చాలి. కెర్నెల్‌నీ, డ్రైవర్‌నీ, మెమొరీ సైజునీ ఒకే సాయంత్రం మార్చినవాడికి మెషీన్ నిలబడవచ్చు గానీ, ఎందువల్ల నిలబడిందో తెలియదు. పాత కెర్నెల్ బాగుండి కొత్తది కూలుతుంటే గిట్ బైసెక్ట్ ఉంది. మార్పుల్ని సగానికి సగం చీల్చుకుంటూ పోతే, వాటిలో పదివేలున్నా సుమారు 14 పరీక్షల్లో తప్పు మార్పు దగ్గరికి చేరతాం.

కెర్నెల్ రాసినవాళ్లు చేసిన ఒక పని నాకు ఎప్పుడూ స్ఫూర్తినిస్తుంది. జిఫీస్ అనే టిక్కుల కౌంటర్ 32 బిట్లదైతే, సెకనుకు వెయ్యి టిక్కుల చొప్పున 49 రోజుల 17 గంటలకు నిండి సున్నాకి తిరుగుతుంది. ఆ మలుపు దగ్గర బగ్గులు దాక్కుంటాయి. అందుకని వాళ్లు దాన్ని నిండడానికి అయిదు నిమిషాల ముందున్న అంకె నుంచే మొదలుపెట్టారు. ఎవరి ఆస్పత్రిలోనో, బ్యాంకులోనో యాభయ్యో రోజున బయటపడే తప్పు, డ్రైవర్ రాసినవాడి బల్ల మీదే అయిదో నిమిషంలో బయటపడుతుంది. మనమూ ఆ దారినే పోవాలి. ఏ లోడ్ పెడితే, ఏ వేళకి, ఏ పని చేస్తే కూలుతుందో పట్టుకుని, కావాలనుకున్నప్పుడు కూల్చగలగాలి. అడిగినప్పుడల్లా కూలే మెషీన్ సగం బాగుపడ్డట్టే.